మెట్ల మీద ఊరు

పొద్దున తొమ్మిదింటికి మొండి ఆఫీసు తాళం తీస్తుంది. కిటికీలు తెరిచి, బల్ల తుడిచి, ముందురోజు బావ వదిలేసి వెళ్ళిన టీ కప్పుల్ని సింకులో పడేసి, కంప్యూటరు ముందు కూర్చుని ఒక ఊరు మొదలుపెడుతుంది. పదకొండు, పదకొండున్నరకల్లా ఆ ఊరు ఖాళీ అయిపోతుంది. ఊళ్ళోవాళ్ళు మూటాముల్లె సర్దుకుని ఆఫీసు బయట మెట్ల మీదకి వచ్చి కూర్చుంటారు. ఆమె పుస్తకంలో ఒక అంకె రాసుకుని, టీ తాగి, మెట్ల మీద ఉన్నవాళ్ళకి మంచినీళ్ళిచ్చి, లోపలికొచ్చి ఊరిని మళ్ళీ మొదటినుంచీ మొదలుపెడుతుంది. రెండు నెలలుగా ఇదే వరస.

ఆ ఆఫీసులో ఉండేది ముగ్గురే. ముగ్గురూ కలిసి కంప్యూటరులో ఆడుకునే ఆట ఒకటి తయారుచేస్తున్నారు. కోడు రాసేది బావ, బొమ్మలు గీసేది అక్క, ఆడి చూసి తప్పులు పట్టేది మొండి. ఆమెకి అసలు పేరు ఒకటుంది కానీ అది బడి సర్టిఫికెట్లు దాటి బయటికి రాలేదు. ఆరేళ్ళప్పుడు అక్క గౌను కావాలని మంచం కిందకి దూరి ఒకటిన్నర రోజు బయటికి రాలేదట. అప్పటినుంచీ మొండే. బావది కూడా అదే వీధి. మంచం కింద ఉన్నదానికి బిస్కెట్లు అందించినవాడు అతనే. అందుకే పెళ్ళయి అక్క మొగుడైనా వాళ్ళిద్దరి మధ్యా మర్యాదలు పెరగలేదు.

ఆట వంతులవారీగా నడుస్తుంది. ఆడేవాళ్ళు తమ వంతులో ఊరికి ఏం కావాలో ఒకటో రెండో పనులు పురమాయించి, ‘వంతు అయింది’ అన్న మీట నొక్కుతారు. ఊళ్ళో ఒక నెల గడుస్తుంది. మళ్ళీ వంతు. అలా నూట ఇరవై వంతులు, అంటే పదేళ్ళు ఊరిని నిలబెడితే గెలిచినట్టు. వినడానికి ఇంతే. చిక్కంతా ఒక్క చోట ఉంది. ఇళ్ళు, బావులు, దారులు వేసుకుంటూ ఊరిని పెంచాలి. ధాన్యం కొట్టు, ఇటుకల బట్టీ, వైద్యశాల లాంటి కట్టడాల్ని ఒక్కో స్థాయే ఎక్కిస్తూ పెద్దవి చేయాలి. ఊరిని పెంచుకుంటూ పోతే ఉన్న కొట్టు చాలక జనం పస్తులుంటారు. కొట్టుని పెద్దది చేయబోతే, చేసినన్నాళ్ళూ అది మూతబడి అప్పుడూ పస్తులే. ఈ రెంటినీ తూకానికి తేవడం మొండి పని.

మూడు నెలలు వరసగా ధాన్యం చాలకపోతే జనం ఊరు వదిలి వెళ్ళిపోతారని ఒక నియమం ఉంది. అది బావే రాశాడు. ‘వెళ్ళిపోతారు’ అని రాశాడు గానీ ఎక్కడికో రాయలేదు.

ఆఫీసు పై అంతస్తులో ఉంది. ఆ పైన డాబా, డాబా తలుపుకి ఏళ్ళ తరబడి తుప్పుపట్టిన తాళం. వాళ్ళు ఆ తాళం వేసిన తలుపు వైపునుంచే దిగివచ్చేవాళ్ళు. డెబ్బై మూడు మంది. ముసలివాళ్ళు, ఆడవాళ్ళు, చంకన పిల్లలు, నెత్తిన మూటలు. మొదటిసారి వచ్చినప్పుడు వాచ్‌మన్ ఆయాసపడుతూ పైకొచ్చి, తలలు లెక్కపెట్టి, తన రిజిస్టరులో ‘పై ఆఫీసు తాలూకు’ అని రాసుకుని కిందకి పోయాడు. కింది అంతస్తులో పళ్ళ డాక్టరమ్మకి ఉన్న అభ్యంతరం ఒకటే, తన పేషెంట్లు నడవడానికి గోడవారగా దారి వదలాలని. రెండు రోజులు చెప్పి చూసి, మూడోరోజు తనే ఒక బల్ల తెప్పించి వేయించింది. మొండి కొత్తగా ఊరు మొదలుపెట్టగానే వాళ్ళు లేచి, మూటలెత్తుకుని, వచ్చిన దారినే పైకి వెళ్ళిపోయేవాళ్ళు. మెట్లు మళ్ళీ ఖాళీ.

ఆ సోమవారం బావ వస్తూనే కుర్చీ లాక్కుని మొండి ఎదురుగా కూర్చున్నాడు. ఆ కూర్చోవడంలోనే ఏదో ఉందని ఆమెకి అర్థమైంది.

“శనివారం సాయంత్రం ఐదింటికి ఆట పంపించాలి. విడుదల చేసేవాళ్ళు ఇంక గడువు ఇవ్వం అన్నారు. నీ తూకం అప్పటికి కుదిరిందా సరే. లేదంటే ఆ వెళ్ళిపోయే నియమం తీసేస్తా. ఒక్క లైను, అంతే.”

“తీసేస్తే వాళ్ళేం చేస్తారు?”

“ఏం చేస్తారు, ఊళ్ళోనే ఉంటారు.”

“తిండి లేకుండానా?”

“ఆటలో మనుషులకి తిండేంటే?” అన్నాడు బావ. అన్నాడే గానీ మెట్ల వైపు చూడలేదు. తను తెచ్చుకున్న డబ్బాలో సగం రోజూ అక్కడ కూర్చునే ఒక ముసలాయనకి పెట్టి, ఆయనతో మోకాళ్ళ నొప్పుల గురించి మాట్లాడి వచ్చేది అతనే. మనిషి చెడ్డవాడు కాదు. తొందర ముంచుకొచ్చినప్పుడు మాత్రం ఎదురుగా ఉన్నది కనబడదు అతనికి.

మొండి నీళ్ళ జగ్గు తీసుకుని బయటికి వచ్చింది. ఆ పూట ఊరు ఎనిమిదో వంతుకే ఖాళీ అయింది. బల్ల చివర ఇటుకలావిడ కూర్చుని ఉంది. బట్టీలో పనిచేసే మనిషి, ఎంత కడుక్కున్నా గోళ్ళ సందుల్లో ఎర్రమన్ను పోదు. పక్కన ఆవిడ కూతురు, మెట్టు అంచు దాకా పాక్కుంటూ పోతోంది. అంచుకి రాగానే తల్లి గౌను పట్టి వెనక్కి లాగుతోంది, అది మళ్ళీ బయల్దేరుతోంది.

“పాపకి ఎన్నో నెల?” అంది మొండి, ఏదో ఒకటి మాట్లాడాలి కాబట్టి.

“ఎనిమిది. ఊరు మొదలైనరోజు పుట్టింది. ఎప్పుడూ ఎనిమిదే, మహా అయితే తొమ్మిది.” ఆవిడ గొంతులో నిష్ఠూరం లేదు. “ఒకసారి మాత్రం పదకొండు దాకా వచ్చాం. మీకు గుర్తుండదులెండి. గోడ పట్టుకుని లేచి నిలబడింది. ఇక అడుగేస్తుందని నేను ఎదురుగా చేతులు చాపుకుని కూర్చున్నా. అప్పుడే కొట్టు మూసేశారు. మూట కట్టుకుని దిగొచ్చాం. మళ్ళీ పైకి వెళ్ళేసరికి పురిటి బిడ్డ.”

మొండి జగ్గు కింద పెట్టేసింది. రెండు నెలల్లో ఆమె ఆ ఊరిని నూటపదిసార్లు మొదలుపెట్టింది. పుస్తకంలో నూటపది అంకెలు ఉన్నాయి. ప్రతి అంకె వెనకా ఈ పిల్ల మళ్ళీ పుట్టిందని ఆమెకి తట్టనేలేదు.

“దీని నడక చూడాలనుంది. పెద్ద కోరికేం కాదు. అందరి పిల్లలూ నడుస్తారు,” అంది ఇటుకలావిడ.

శనివారం సంగతి దాచడం మొండికి చేతకాలేదు. చెప్పేసింది. చుట్టుపక్కల నలుగురు కూడా వింటున్నారు.

“అంటే పై తలుపు మూసేస్తారన్నమాట. ఆకలైనా ఇటు రావడానికి ఉండదు,” అంది ఆవిడ, నెమ్మదిగా అర్థం చేసుకుంటూ.

“నేనుండగా మూయనివ్వను,” అంది మొండి. అన్నాక గానీ ఎంత మాట అన్నదో తెలియలేదు. అప్పటికే పాప ఆమె చెప్పు అందుకుని నోట్లో పెట్టుకుంటోంది.

సోమవారం మధ్యాహ్నం నుంచీ ఆమె అంకెలతో కుస్తీ పట్టింది. ధాన్యం పెంచింది. అప్పుడు జనం కదల్లేదు కానీ ఆటా లేదు. బావ వచ్చి ఇరవై వంతులు ఆడి ఆవలించాడు. కళ్ళు మూసుకుని మీట నొక్కినా గెలిచేదాన్ని ఆట అనరనీ, నిద్రమాత్ర అంటారనీ చెప్పి లేచిపోయాడు. ఆ మాట నిజమే కాబట్టి ఆమెకి ఇంకా ఒళ్ళు మండింది. ధాన్యం తగ్గించి ఇటుకలు పెంచింది, జనం ఏడో వంతుకే దిగొచ్చారు. కొట్టు కట్టే కాలం నాలుగు నెలలనుంచి మూడుకి తెచ్చింది. తొమ్మిది. బావుల్ని ముందుకి జరిపింది. మళ్ళీ ఎనిమిది. మంగళవారం సాయంత్రానికి ఆమె తల ప్రాణం తోకకొచ్చింది. ఆ రెండు రోజుల్లో వాళ్ళు ఏడుసార్లు మెట్లు దిగి, ఏడుసార్లు ఎక్కారు. వాచ్‌మన్ రిజిస్టరులో ఒక పేజీ నిండిపోయింది.

బుధవారం పొద్దున ఆమె ఎప్పట్లాగే ఆడి, వాళ్ళు ఎప్పట్లాగే దిగివచ్చాక, పుస్తకం మూసేసి బయటికి వెళ్ళి ఇటుకలావిడ పక్కన కూలబడింది. అంకె రాసుకోలేదు.

“అసలు ఏమవుతోందక్కడ? నాకు తెరమీద కొట్టు మూతబడ్డం, జనం తగ్గడం కనిపిస్తాయి. అంతే. మీకేం కనిపిస్తోంది?”

ఇటుకలావిడ ఆమె వైపు వింతగా చూసింది. ఇన్నాళ్ళూ ఆ ప్రశ్న ఎవరూ అడగలేదు, ఆమె కూడా.

“ఏముందమ్మా, మీరు బట్టీని పెద్దది చేయమంటారు. మర్నాటికల్లా మా బట్టీ ఉండదు. ఆ చోట కర్రలు పాతి గుడ్డ కట్టేసి ఉంటుంది. నిప్పు ఆర్పేసి ఉంటుంది. కొత్తది కట్టడానికి ఇటుకలు కావాలి. ఇటుకలెక్కడివి, బట్టీ ఆరిపోయాక? కొట్టు కూడా అంతే. లోపల ధాన్యం ఉండగానే గుడ్డ కట్టేస్తారు. లోపల గింజలున్నాయని తెలుసు, తీసుకోలేం. నాలుగు నెలలు ఆ గుడ్డ వైపు చూస్తూ కూర్చుంటాం.”

“మరి మీరైతే ఎలా కడతారు?”

“ఎలాగేంటి?” ఆవిడకి నవ్వొచ్చింది. “పాతది పాతదిలాగే మండుతుంటుంది. పక్కన కొత్తది లేపుతాం. సగంమందిమి ఇటు, సగంమంది అటు. పని తగ్గుతుంది, ఆగదు. కొత్తది లేచాక పాతదాంట్లోంచి నిప్పు తెచ్చి ఇందులో వేస్తాం. ఆ తర్వాతే పాతదాన్ని విప్పుతాం. ఆ ఇటుకలు మళ్ళీ ఇంకోదానికి పనికొస్తాయి. బట్టీ ఆర్పి బట్టీ కట్టేవాళ్ళని నేనెక్కడా చూడలేదు.” పాప గౌను పట్టి వెనక్కి లాగుతూ, “కాకపోతే పక్కన చోటుండాలి. చోటంతా ఇళ్ళతో నింపేసుకుంటే ఎవరేం చేస్తారు?” అంది.

మొండి లేచి నిలబడింది. చోటుండాలి. ఊరు పెంచాలనుకునేవాడు ఖాళీ చోటు కనబడగానే ఇల్లు కడతాడు. కట్టడం పెద్దది చేయాలనుకునేవాడికి ఆ చోటే కావాలి. ఇక ఆడేవాడు ప్రతి నెలా ఆ జానెడు చోటు ముందు నిలబడి, ఇవాళ నింపనా, రేపటికి వదలనా అని తేల్చుకోక తప్పదు. ధాన్యం గింజ పెంచనక్కర్లేదు. ఆమె పాపని ఎత్తుకుని ఒక ముద్దు పెట్టి, తల్లి ఒళ్ళో కూర్చోబెట్టి, ఆఫీసులోకి పరిగెత్తింది.

బావ ఒంటికాలి మీద లేచాడు.

“మూడు రోజులుంది. మూడు రోజుల్లో నలభై కట్టడాల కోడు తిరగరాయాలా? ఒక్క లైను తీసేస్తే పోయేదానికి?”

“లైను తీసేస్తే ఆకలి పోతుందా? మనకి కనబడకుండా పోతుంది.”

“చూడు, కట్టడం ఎదగడమంటే పాత బొమ్మ తీసి కొత్త బొమ్మ పెట్టడం. ఏ ఆటలోనైనా అంతే.”

“నువ్వు ఎప్పుడైనా ఒక్క గోడ కట్టావా బావా?”

“నువ్వు కట్టావా?”

ఇద్దరూ ఇంక అక్క వైపు తిరిగారు. చిన్నప్పటినుంచీ వాళ్ళ తగువులన్నీ అక్క దగ్గరికే చేరేవి. అక్క అప్పటిదాకా తల ఎత్తకుండా రంగులు వేసుకుంటూ ఉంది. కలం పక్కన పెట్టి, కళ్ళజోడు తీసి, కొంగుతో తుడుచుకుంది.

“ఆ కర్రలూ గుడ్డా గీసింది నేనే. గుడ్డ మడతలు గీయడం నాకిష్టం, అందుకని. అసలు లోపల ఏముందో ఆలోచించలేదు. నేను ఒక్కో స్థాయికి ఒక్కో బొమ్మ గీసిచ్చాను కాబట్టి నువ్వు ఒకటి తీసి ఒకటి పెట్టావు. నువ్వలా పెట్టావు కాబట్టి ఇదలా ఆడింది. మన ముగ్గురిలో ఇటుక పట్టుకున్న మొహం ఒక్కటీ లేదు. పట్టుకున్నావిడ రెండు నెలలుగా గుమ్మం బయట కూర్చుంటే మంచినీళ్ళిచ్చి పంపాం.”

బావ తలుపులోంచి మెట్ల వైపు చూశాడు.

“సగం కట్టిన బొమ్మలు నలభై కావాలి. శుక్రవారం మధ్యాహ్నానికి ఇస్తా,” అని అక్క కళ్ళజోడు పెట్టుకుంది.

బావ మొండి ముందు వేలు చూపించి, “ఒక షరతు. ముగ్గురం మూడు ఆటలు ఆడాలి, ఎవరి పద్ధతిలో వాళ్ళం. నేను నాలాగే ఆడతా, దురాశగా. ఆ మూడిట్లో ఏ ఒక్కదాంట్లో అయినా సరే, మెట్ల మీదకి మనిషన్నవాడు దిగొచ్చాడంటే ఆ లైను తీసేస్తా. అప్పుడు మంచం కిందకి దూరినా వినను,” అన్నాడు.

“సరే,” అంది మొండి.

గురువారం, శుక్రవారం ఆ ఆఫీసులో మాటల్లేవు. అక్క గీసినవి గీసినట్టు బావకి పంపేది. పక్కపక్కన ఒక చిన్న కొట్టు, సగం గోడల పెద్ద కొట్టు, మధ్యలో బుట్టలు మోసేవాళ్ళు. గుడ్డలు లేవు. అర్థంకానిదల్లా మొండి బయటికి వెళ్ళి ఇటుకలావిడని అడిగి వచ్చేది. ఒక బట్టీలో నిప్పు రెండో బట్టీకి ఎలా తీసుకెళ్తారు, వైద్యశాల మారుస్తున్నప్పుడు మంచాలు ముందా మందులు ముందా. వాచ్‌మన్ కూడా వచ్చి ఒక మెట్టు మీద కూర్చుని, తను ఒకప్పుడు సున్నం కలిపేవాణ్ణనీ, సున్నం గురించి ఎవరూ ఏమీ అడగడంలేదనీ మూతి ముడుచుకున్నాడు. అడిగారు. పనికొచ్చే సంగతే చెప్పాడు.

శుక్రవారం మధ్యాహ్నం కొత్త ఊరు మొదలైంది. ఇటుకలావిడ పాపని చంకనేసుకుని పైకి వెళ్తూ తలుపు దగ్గర ఆగి మొండి వైపు చూసి, ఎక్కిపోయింది.

మొదట మొండి ఆడింది, జాగ్రత్తగా, ప్రతి కట్టడం పక్కనా చోటు వదులుతూ. ఎనిమిదో వంతు దాటింది. పన్నెండు దాటింది. ముప్ఫై. ఊరు మెల్లగా పెరిగింది, కట్టడాలు మెల్లగా లేచాయి. నూట ఇరవై అయ్యేదాకా మెట్ల మీద అలికిడి లేదు. గెలిచినందుకు ఆమెకి సంతోషం కలిగింది, దానితోపాటు ఒక దిగులు కూడా. తెరమీద మనుషులు చీమంత ఉంటారు. ఆ పిల్ల నడిచిందో లేదో ఆమెకి కనబడలేదు. శనివారం పొద్దున అక్క ఆడింది. అక్కకి ఊరు అందంగా ఉంటే చాలు, రెండు బావుల మధ్య పూలచెట్లు పెట్టడానికి చోట్లు వదిలింది, అవే తర్వాత కొట్టుకి పనికొచ్చాయి. అప్పుడూ ఎవరూ రాలేదు.

పన్నెండున్నరకి బావ కూర్చున్నాడు. వెనక నిలబడి సలహాలు చెప్పకూడదని ముందే ఒట్టు వేయించుకున్నాడు.

అతను అన్నట్టే దురాశగా ఆడాడు. పదో వంతుకే కనబడ్డ చోటల్లా ఇళ్ళు దించాడు. జనం మూడింతలైంది. ముప్ఫయ్యో వంతులో కొట్టుని ఆనుకుని బురుజు ఒకటి లేపాడు. ఊరికి దాంతో ఏమీ పనిలేదు. అక్క దాన్ని అంత బాగా గీసింది కాబట్టి కట్టాడు, దాని నీడ సాయంత్రం పూట ఊరంతా పడుతుంటే చూసి మురిసిపోయాడు. నలభై ఆరో వంతుకి ధాన్యం చాలలేదు. కొట్టుని పెద్దది చేయమని మీట నొక్కాడు. చోటు లేదంది ఆట. మూడు వైపులా ఇళ్ళు, నాలుగో వైపు బురుజు. అతను దారుల్ని అటూ ఇటూ జరిపి చూసి, ఏదీ కుదరక వంతు మీట నొక్కేశాడు. నలభై ఏడు, మళ్ళీ చాలలేదు. ఇంకొక్క నెల.

మొండి కిటికీ వైపు తిరిగి నిలబడింది. ఒట్టు వేసింది కాబట్టి నోరు విప్పడానికి లేదు. అతనికి తెలియదా అని ఒకపక్క కోపం, నిజంగానే తెలియదేమోనని ఒకపక్క భయం. అక్క తన గోళ్ళు చూసుకుంటూ కూర్చుంది.

బావ చాలాసేపు మీట మీద చెయ్యి వేయలేదు. అతని వంతు అతనిష్టం, ఎంతసేపైనా కూర్చోవచ్చు. గడియారం రెండుంబావు చూపిస్తోంది. అతని కళ్ళు బురుజు మీదే ఉన్నాయి.

“ఎంత బాగా గీశావే దీన్ని,” అన్నాడు అక్కతో.

“ఇంకోటి గీస్తాలే,” అంది అక్క.

అతను బురుజు పడగొట్టాడు. దాని రాళ్ళతోనే ఆ చోట కొత్త కొట్టు గోడలు లేవడం మొదలైంది. పాత కొట్టు సగంమందితో నడుస్తూనే ఉంది. జనాన్ని పొలాలకి పంపి, రెండు దారులు ఆపేసి, ఆ నెల ధాన్యం బొటాబొటిగా సరిపోయేలా గట్టెక్కించాడు. చొక్కా వీపంతా తడిసిపోయింది. యాభై రెండో వంతులో కొత్త కొట్టు తెరుచుకుంది. అతను కుర్చీలో వెనక్కి వాలి, ఎవరూ ఏమీ అనకపోయినా, “నాకు ముందే తెలుసు,” అన్నాడు. ఒట్టు తీరిపోయిందో లేదో తేలక మొండి ఊరుకుంది.

అక్కణ్ణించి అతను వేరే మనిషిలా ఆడాడు. దురాశ పోలేదు, ఒళ్ళు దగ్గరపెట్టుకుంది. అరవై, డెబ్బై, ఎనభై. ఊరు తెర అంచుల దాకా పాకింది. బట్టీ నాలుగో స్థాయికి లేచింది. గడియారం నాలుగు దాటింది. బావ ఎనభై నాలుగో వంతు నొక్కాడు.

అప్పుడు పై మెట్ల మీద అడుగుల చప్పుడు వినిపించింది.

ముగ్గురూ బిగుసుకుపోయారు. చప్పుడు ఒక్కరిది కాదు, ఇద్దరిది. ఒకటి నిదానంగా, ఒకటి గబగబా. బావ మీట మీంచి చెయ్యి తీసేశాడు. “మాటంటే మాట,” అన్నాడు. అతని మొహంలో గెలిచినవాడి కళ లేదు.

మొండి వెళ్ళి తలుపు తీసింది.

ఇటుకలావిడ దిగుతోంది. నెత్తిన మూట లేదు. కాస్త ఒళ్ళు చేసింది, చెవుల దగ్గర నాలుగు తెల్లవెంట్రుకలు. ఆవిడకి రెండు మెట్లు ముందుగా ఒక పిల్ల దిగుతోంది. ఏడేళ్ళుంటాయి. మెట్ల కమ్మీ పట్టుకోకుండా, మెట్టు విడిచి మెట్టు దూకుతూ.

“నెమ్మదిగా, పడతావు,” అంటోంది తల్లి వెనకనుంచి.

బావ ముందుకొచ్చి అడిగాడు. “ఏమైందమ్మా? ధాన్యం తక్కువైందా?”

“లేదు బాబూ, కొట్టు నిండుగానే ఉంది. మధ్యలో ఒక రెండు నెలలు కంగారుపెట్టారు గానీ.” ఆవిడ నవ్వింది. “బట్టీ రెండోవాళ్ళకి అప్పజెప్పా. ఇవాళ కొంచెం తీరిక దొరికింది. దీనికి ఈ మెట్లు చూపిద్దామని తీసుకొచ్చా. నువ్వు ఇక్కడ పాకేదానివే అంటే నమ్మదు.”

పిల్ల మెట్లనీ, బల్లనీ, గోడకి ఉన్న సున్నం పెచ్చుల్నీ, తలుపులో నిలబడ్డ ముగ్గుర్నీ ఒక చుట్టు చూసింది. చూడాల్సిందేదో ఇంకా ఉందేమోనని తల్లి వెనకవైపు కూడా తొంగిచూసింది.

“ఇక్కడేముందమ్మా?”

“ఏం లేదు.”

“అయితే ఇంటికి పోదాం.”

తల్లి మొండి వైపు చూసి, పిల్ల తప్పు మాట్లాడినట్టు కాస్త సిగ్గుపడింది. “దీనికి వేరేచోట తోచదు.”

“ఒక్కసారి,” అంది మొండి. కళ్ళు తుడుచుకుని మళ్ళీ అంది, “తల్లీ, ఒక్కసారి ఆ బల్ల దాకా నడిచి వెళ్ళి రావా?”

ఇదేం కోరికన్నట్టు పిల్ల మొహం పెట్టింది. అయినా పెద్దవాళ్ళు అడిగారని బల్ల దాకా నడిచి వెళ్ళింది. వచ్చేటప్పుడు పరిగెత్తుకుంటూ వచ్చి తల్లి చెయ్యి పట్టుకుంది. మొండి చూసింది. అక్క చూసింది. కింది అంతస్తు గుమ్మంలో పళ్ళ డాక్టరమ్మ కూడా చేతిలో పనిముట్టుతోనే నిలబడి చూసింది.

“వస్తామమ్మా,” అంది ఇటుకలావిడ. “పొద్దుపోకముందే చేరాలి. రేపు బట్టీ పేర్చాలి.”

ఇద్దరూ పైకి ఎక్కారు. పిల్ల ముందు, తల్లి వెనక. ఇంతకుముందు ఎన్నిసార్లు ఎక్కినా కొత్త ఊరు మొదలైతేనే ఎక్కారు. ఇప్పుడు తమ ఊరికే వెళ్తున్నారు.

మొండి మెట్టు మీద కూర్చుని ఏడ్చింది. ఏడ్చినందుకు ఆమెకి సిగ్గేమీ అనిపించలేదు. అక్క వచ్చి పక్కన కూర్చుంది.

“దిగొచ్చారు మరి,” అంది అక్క లోపలికి వినబడేలా. “మాటంటే మాట అన్నావు.”

“మూట లేనిది దిగిరావడం ఎలాగవుతుంది? చుట్టపుచూపుగా వచ్చారు,” అన్నాడు బావ లోపలినుంచి, విసుగ్గా. “మీరిద్దరూ అక్కడ కబుర్లు చెప్పుకుంటూ ఉండండి. అక్కడ వాళ్ళకి వచ్చే నెల మొదలవ్వాలి.”

కుర్చీ దగ్గరికి లాక్కున్న చప్పుడైంది. అతను బట్టీ పక్కన ఉన్న ఖాళీ చోటుని ఖాళీగానే వదిలి, వైద్యశాలకి ఒక గది పురమాయించి, మీట నొక్కాడు. ఊళ్ళో ఎనభై ఐదో నెల మొదలైంది. పిల్లకి ఏడేళ్ళు నిండాయి.